నా మెచ్చుకోలు అమ్ముడుపోయింది

నమోదు 1
జూన్ 4, 2093. కాకినాడ, జగన్నాథపురం.

నిగారింపు, నిగారింపు, నిగారింపు.

ఒప్పందం ప్రకారం నా రోజువారీ రాతలో కంపెనీ పేరు మూడుసార్లు రావాలి. వచ్చేసింది కాబట్టి మిగిలిందంతా నా ఇష్టం. ఈ రాతల్ని మనుషులెవరూ చదవరనీ, మిషనే పేర్లు లెక్కపెట్టుకుని పోతుందనీ కంపెనీ తరఫున వచ్చిన హేమచందర్ నోరుజారి చెప్పేశాడు. చెప్పకపోయి ఉంటే బుద్ధిగా రాసేదాన్నేమో.

నా పేరు నూకరత్నం. నలభై ఏడేళ్లు. సముద్రం ఊళ్లోకి వచ్చాక మిగిలిన జగన్నాథపురంలో, పడవ బస్సు ఆగే రెండో రేవు పక్కన నాదొక బ్యూటీ పార్లరు. పెళ్లికూతుళ్లని తయారుచేస్తాను. కిందటి నెల దాకా ఈ రేవు దాటితే నేనెవరో ఎవరికీ తెలియదు. ఇప్పుడు అరుగు మీద నన్ను చూసేవాళ్లు లక్షా పన్నెండు వేలమంది. అరుగంటే వేరే చెప్పాలా? ఊరంతా పొద్దస్తమానం కూర్చుని ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకునే చోటు. కాకపోతే అది అరచేతిలో ఉంటుంది. నచ్చితే తలూపుతారు. ఎన్ని తలలు ఊగాయో పక్కనే అంకె పడుతుంది.

హేమచందర్ మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మంలోనే చెప్పులు విడిచి, నన్ను ఎగాదిగా చూసి తెగ సంబరపడ్డాడు.

"సినిమావాళ్లు చెబితే జనం నమ్మడం మానేశారమ్మా. మోడళ్లు చెబితే అసలే నమ్మరు. పక్కింటావిడ చెబితే మాత్రం టక్కున నమ్ముతారు. మీరు చూడ్డానికి కాకినాడ మొత్తానికీ పక్కింటావిడలా ఉన్నారండి!"

అది పొగడ్తో తిట్టో తేల్చుకునే తీరిక నాకు లేదు. కుర్చీలో పెళ్లికూతురు ఒక కన్ను దిద్దించుకుని రెండో కన్ను కోసం కూర్చుని ఉంది. బయట బాజాలవాళ్లు అప్పుడే పడవెక్కేశారు. ఒప్పందం చూస్తే నలభై పేజీలు. చివరి పేజీ తిప్పమని, కాటుక చేత్తోనే వేలు పెట్టేశాను. ఈ పని చేసేవాళ్లందరం అంతే, ముహూర్తం ముంచుకొస్తుంటే ఏ కాగితం మీదైనా వేలు పెట్టేస్తాం.

మర్నాడే నా మొహానికి పొర అతికించారు. పాలమీద మీగడంత పల్చన. ఏడాదిపాటు ఊడిరాదు. పొద్దున్నే ఏ రంగు కావాలంటే ఆ రంగు వస్తుంది. పెళ్లి రంగుంది, ఆఫీసు రంగుంది, సెలవు అడగడానికి పనికొచ్చే జ్వరం రంగు కూడా ఉంది. కుడి బుగ్గ మీద చుక్క ఒక్కటి మాత్రం కంపెనీది కాదు, ప్రభుత్వానిది. ఒకళ్ల సొమ్ము పుచ్చుకుని పొగిడే ప్రతిసారీ అది నీలంగా వెలగాలని చట్టం. చూసేవాళ్లకి తెలియాలి కదా, ఈవిడ నోరు అద్దెకిచ్చిందని.

ఆవగింజంత చుక్కేగా, పోనీలే అనుకున్నాను.

నమోదు 2
జూన్ 11

ఈ వారం నిగారింపు పెట్టె వచ్చింది. దాన్ని కెమెరా ముందు విప్పుతూ ఆశ్చర్యపోవాలి. లోపల ఏముందో నాకు ముందే చెప్పారు, అయినా ఆశ్చర్యపోవాలి. నాలుగుసార్లు ఆశ్చర్యపోయాను. మూడో ఆశ్చర్యం బాగుందన్నారు గానీ వెనకాల గోడ మరీ శుభ్రంగా ఉందట. ఇల్లు ఇల్లులా కనపడాలని, ఉతికిన బట్టలు మంచం మీద కుప్పపోయించారు. మా ఇంట్లో అసలు కుప్ప కుర్చీలో ఉంటుంది. అది పనికిరాదన్నారు.

నిగారింపువాళ్ల దగ్గర ఇంకో విద్య ఉంది. "ఈ ఒక్కరోజే" అని రోజూ చెబుతారు. "ఇరవై ఎనిమిదే మిగిలాయి" అంటారు. పొద్దున ఇరవై ఎనిమిదే, సాయంత్రం ఇరవై ఎనిమిదే. నిగారింపులో లెక్కలు తెలిసినవాళ్లు లేరో, మరీ ఎక్కువ తెలిసినవాళ్లున్నారో అర్థం కాదు.

(మూడు అయ్యాయి.)

పార్లరుకి కొత్త రకం బేరాలు వస్తున్నాయి. నిన్న ఇద్దరు ఆడవాళ్లు వచ్చి బుగ్గ మీద నీలిచుక్క పెట్టమన్నారు.

"మీకు ఏ కంపెనీ వాళ్లిచ్చారమ్మా?" అని అడిగాను.

"ఏ కంపెనీ లేదండి. ఉందనుకుంటారని" అంది అందులో పెద్దావిడ, సిగ్గుపడకుండా.

నోరు అద్దెకిచ్చినట్టు కనపడ్డం కూడా గొప్పేనన్నమాట. పెట్టి పంపాను.

ఇక ఇంటి సంగతి. మా ఆయన సత్తిరాజుగారు పడవ బస్సు నడుపుతారు. వంట కూడా ఆయనదే, నా చేతులెప్పుడూ రంగుల్లో ఉంటాయి కాబట్టి. ఆదివారం పండుగప్ప చేపల పులుసు పెట్టారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే, "అబ్బ, ఏం కుదిరిందండీ!" అన్నాను.

ఆయన గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయారు. "రత్నం, నీ చుక్క వెలిగిందే! కంపెనీవాళ్లు పులుసు కూడా అమ్ముతున్నారేంటి?"

ఇద్దరం కడుపుబ్బ నవ్వుకున్నాం. సోమవారం ఆయన క్షవరం బాగుందన్నాను, వెలిగింది. మంగళవారం అమ్మవారి గుడికెళ్లి అలంకారం చూసి "తల్లీ, ఎంత కళగా ఉన్నావే" అన్నాను, వెలిగింది. పూజారిగారు హారతి పళ్లెం పట్టుకుని, "అమ్మవారు కూడా మీ కంపెనీలో చేరిందాండీ?" అని అడిగారు. వెనక వరుసలో కిసుక్కుమన్నారు.

ఇంటికొచ్చి ఒప్పందం తీసి, మొదటిసారి చదివాను. ముప్పై ఒకటో పేజీ: "ఒప్పంద కాలంలో పై వ్యక్తి నోటి నుండి వెలువడు సమస్త మెచ్చుకోలు కంపెనీకి చెందును." సబ్బు గురించి అని లేదు. పొర గురించి అని లేదు. సమస్త. దొరికినంతా దోచుకోవడమంటే ఇదే. బుధవారం నుంచి మా ఆయన వంట ఎలా ఉందని అడగడం మానేశారు.

నమోదు 3
జూన్ 21, ఆదివారం

నిగారింపు నిగారింపు నిగారింపు. ఇవాళ వెటకారానికి ఓపిక లేదు.

నాకొక చెల్లెలుంది. చక్రవేణి. ముప్పై తొమ్మిదేళ్లు, మునిసిపల్ బడిలో లెక్కల టీచరు. అమ్మానాన్నలు పోయాక మేమిద్దరమే. దానికి పదకొండో ఏట బొల్లి వచ్చింది. ఎడమ కనుబొమ్మలో సగం, కన్ను చుట్టూ, పెదవి చివర, మెడ మీద తెల్లటి మచ్చలు. నొప్పీ లేదు, అంటుకునేదీ కాదు, రంగు పోయిందంతే. ఇప్పటి పొరలు దాని చర్మానికి పడవు, దద్దురెక్కుతుంది. అందుకని పాతకాలం పద్ధతిలో రోజూ పొద్దున్నే నలభై నిమిషాలు కూర్చుని రంగు పూసుకుంటుంది. పూయడం నేర్పింది నేనే.

సోకు కోసమే అయితే ఏనాడో మానేసేది. ఈ ఊళ్లో రేవు గేటు దగ్గర్నుంచి బడి తలుపు దాకా అన్నీ మొహం చూసే తెరుచుకుంటాయి. పదేళ్లకోసారి మొహం నమోదు చేయించుకోవాలి. చక్రి రెండుసార్లూ రంగు పూసుకునే చేయించుకుంది కాబట్టి, రోజూ అచ్చం అదే రంగు, అదే మందాన ఉండాలి. వానలో తడిసి కాస్త కారిందంటే గేటు తెరుచుకోదు. "మీరెవరో తెలియడం లేదు, దయచేసి పక్కకి తప్పుకోండి" అంటుంది, పదిమందిలో, మైకులో.

వచ్చే నెల పద్నాలుగున మళ్లీ దాని వంతు.

ఇవాళ పార్లరు మూసి ఉంది. చక్రి వచ్చి తలుపు తట్టి, కొంగు తలమీంచి తీసి, కుర్చీలో కూర్చుంది. మొహం కడుక్కుని వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లలో దాని అసలు మొహాన్ని పగటి వెలుతురులో నేను చూడలేదు.

"అక్కా, ఈసారి ఇలాగే చేయించుకుందామనుకుంటున్నా. రాత్రంతా అద్దం చూశాను, నాకేం తేలట్లేదు. నువ్వు చెప్పు. ఇంత రంగు పూసినదానివి, నీకు తెలియాలి. ఎలా ఉన్నాను?"

చూశాను. సగం తెల్లబడ్డ కనుబొమ్మ కింద అమ్మ కళ్లు.

"బాగున్నావే. చాలా బాగున్నావు."

దాని వెనక అద్దంలో నా బుగ్గ మీద చుక్క నీలంగా వెలిగింది. చక్రి కూడా చూసింది.

"ఓహో" అంది.

"అది అన్నింటికీ వెలుగుతోందే చక్రీ! మీ బావ పులుసుక్కూడా వెలిగింది."

"నన్ను పులుసులో కలిపేశావన్నమాట" అని కొంగు కప్పుకుని లేచింది. కూర్చోమన్నా కూర్చోలేదు. అది అంత మెల్లగా తలుపు వేసిందంటే ఎంత కోపంగా ఉందో నాకు తెలుసు.

నమోదు 4
జూన్ 25

నిగారింపు మనిషి హేమచందర్‌ని పిలిపించాను. నిగారింపు కాఫీ ఇవ్వలేదు, మామూలు కాఫీ ఇచ్చాను. నిగారింపు.

"నాయనా, నా మెచ్చుకోలు నాకు తిరిగిచ్చెయ్యండి" అన్నాను.

"అలా అంటే ఎలాగమ్మా? మీరేదో పొరబడ్డారు. మేం కొన్నది మాటలు కావండి. బాగుంది, భలే ఉంది అని ఎవరైనా అంటారు. ఆ పొర మాటని పట్టుకోదు, మాటలోని మురిపాన్ని పట్టుకుంటుంది. గొంతు వణుకు, బుగ్గ కదలిక, అన్నీ చదువుతుంది. నిజంగా మురిసిపోతేనే చుక్క. దొంగ మెచ్చుకోలు మాకెందుకండి, బజారంతా అదేగా ఉంది!"

నమ్మబుద్ధి కాలేదు. ఆయన వేసుకున్న చొక్కా చూశాను. పసుపు మీద ఊదారంగు పూలు, ఒక్కోటీ అరచేతంత.

"మీ చొక్కా భలే ఉంది నాయనా. మీ రంగుకి అతికినట్టు సరిపోయింది."

చుక్క వెలగలేదు. ఆయన నా బుగ్గ చూశాడు. తన చొక్కా చూసుకున్నాడు.

"మా ఆవిడ కొందండి."

"అందుకే అంత బాగుంది."

అప్పుడూ వెలగలేదు. పాపం, కాఫీ గబగబా తాగేశాడు.

పొర తీసెయ్యమన్నాను. హైదరాబాదు వెళ్లాలట, నా వంతు వచ్చేసరికి సెప్టెంబరట. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, మొహం చాటంత చేసుకుని, "అన్నట్టు ఆ వీడియోకి నాలుగు లక్షల తలలు ఊగాయమ్మా! ఆఫీసులో మీ పేరే" అన్నాడు.

"ఏ వీడియో?"

"అదేనండి, మచ్చలావిడది. చుక్క వెలిగినప్పుడు మీ ఎదురుగా ఏముంటే అది పొరే చూసి అరుగు మీదకి పంపేస్తుంది కదా. ముప్పై మూడో పేజీ."

తలుపులు మూసి ఉన్నాయని, నేను ఒక్కదాన్నే ఉన్నానని చక్రి మొహం కడుక్కుని వచ్చింది. దాన్ని నాలుగు లక్షలమంది ముందు కూర్చోబెట్టాను. ఆ మనిషి మీద ఎంత అరిచానో, రేవులో జనం వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. తీసేయించాడు. చక్రి ఎదురుగా ఉన్నప్పుడు ఇక ఏదీ వెళ్లదని కాగితం కూడా రాసిచ్చాడు. ఈసారి ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాకే వదిలాను.

"కానీ చూసినవాళ్ల కళ్లలోంచి తీయలేం కదమ్మా" అన్నాడు. అది మాత్రం నిజం.

నమోదు 5
జూలై 5

నిగారింపువాళ్లు కొత్త సరుకు దింపారు. పేరు "వెన్నెల తునక". మొహం మీద తెల్లమచ్చలు వచ్చే పొర. మూడు రకాలు: కంటిది, పెదవిది, మెడది. "మీ మచ్చ, మీ ఇష్టం" అని దాని కింద రాత. కంటి మచ్చ సగం కనుబొమ్మ మీదుగా ఎలా వంగిందో చూడగానే నాకు తెలిసిపోయింది, అది ఎక్కణ్నించి వచ్చిందో. పది రోజుల్లో తయారుచేశారు. నా పార్లరు తలుపు బాగుచేయమని వడ్రంగికి చెప్పి మూడు నెలలైంది.

అరుగంతా అవే మొహాలు. ఒకమ్మాయి పొద్దున్నే మచ్చ పెట్టుకుంటూ తన కష్టాలు చెబుతుంది, ఒకమ్మాయి మచ్చతో ఏడుస్తుంది, ఒకమ్మాయి మచ్చలేని పాత ఫొటో చూపించి అప్పుడెంత అనాకారిగా ఉండేదో చెబుతుంది. అందరి బుగ్గల మీదా చుక్కే. శుక్రవారం ఒక పెళ్లికూతురు నన్ను, "ఆంటీ, కంటి మీద ఒక్క మచ్చ పెట్టండి. చిన్నదే, మా అత్తగారు ఒప్పుకునేంత" అని అడిగింది. నిగారింపు ఏం చేసినా చెల్లుతోంది. నిగారింపు కాకపోతే ఇంకొకళ్లు.

ఇవాళ చక్రి వచ్చింది. లోపలికి రాలేదు. గుమ్మం బయటే నిలబడింది, మందంగా రంగు పూసుకుని.

"తొమ్మిదో క్లాసులో సగంమంది ఆడపిల్లలు నా మచ్చలు పెట్టుకుని కూర్చున్నారక్కా. ఒకత్తి నన్ను అడిగింది, టీచర్, మీరు పెట్టుకోలేదేం, మీ మొహానికి భలే ఉంటుంది అని."

లోపలికి రమ్మని చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

"ఇరవై ఎనిమిదేళ్లు దాచుకున్నాను. ఇప్పుడది పెట్టెలో వస్తోంది. ఇవాళ నేను రంగు కడుక్కుని బయటికొస్తే, టీచరుగారు కూడా కొనుక్కున్నారు అంటారు. నాదని చెప్పుకోడానికి కూడా లేకుండా చేశావు."

"నేనేం అమ్మలేదే! నాకు తెలియదు."

"చదవకుండా వేలు పెట్టావుగా. లెక్క చెయ్యకుండా జవాబు రాసిన పిల్లలకి నేను సున్నా వేస్తాను."

పొర సంగతి చెప్పాను. నిజంగా మురిసిపోతేనే వెలుగుతుందట అన్నాను. చొక్కా సంగతి చెప్పాను. మామూలప్పుడైతే పడీపడీ నవ్వేది.

"కంపెనీ మాటకి కంపెనీ చుక్కే సాక్ష్యమా? దాన్ని రుజువు అనరక్కా." కొంగు సర్దుకుంది. "పద్నాలుగున పాత మొహమే చేయిస్తాను. నువ్వు ఇబ్బంది పడకు."

ఇంకో పదేళ్లు. రోజుకి నలభై నిమిషాలు, వాన పడితే గేటు బయట. నావల్లే.

నమోదు 6
జూలై 9

నిగారింపు, నిగారింపు, నిగారింపు, మీ మొహం మండ.

పొద్దున కుంభవృష్టి. మా ఆయన పడవలోంచి చూసింది చెబుతున్నాను. రెండో రేవు దగ్గర చక్రి గొడుగు తిరగబడింది. రంగు కారిపోయింది. గేటు "మీరెవరో తెలియడం లేదు" అంది. చక్రి తుడుచుకుని మళ్లీ నిలబడింది. మళ్లీ అదే మాట. దాని వెనక వెన్నెల తునకలు పెట్టుకున్న ఆడపిల్లలు ముగ్గురు వచ్చారు. కంపెనీవాళ్లు ఏ కొత్త పొర దింపినా గేటుకి ముందే చెప్పుంచుతారు. వాళ్లకి టకటకా తెరుచుకుంది. మచ్చలు చూసే తెరుచుకుంది. కారిన రంగు కింద అవే మచ్చలు అసలువి ఉన్న మనిషి మాత్రం పక్కకి తప్పుకుని నిలబడింది.

మా ఆయన ఎనిమిది నిమిషాలు పడవ ఆపారట. జనం అరుస్తున్నా కదల్లేదట. ఆఖరికి చక్రే కిందనుంచి చెయ్యూపి వెళ్లిపొమ్మందట.

"అంతేకాదు రత్నం, ఇంకో మాట కూడా చెప్పింది" అన్నారు ఆయన, తువ్వాలుతో తల తుడుచుకుంటూ. "బావా, పద్నాలుగున అక్కని రమ్మను, నేను ఉత్త మొహంతోనే చేయిస్తాను, మొహం ఇంతలా మారితే చిన్నప్పట్నుంచీ ఎరిగిన రక్తసంబంధం సాక్షి ఉండాలట అంది."

"నన్ను నమ్మిందా?" అని అడిగాను ఆత్రంగా.

ఆయన అబద్ధం చెప్పలేరు. "అదీ చెప్పింది. అక్క బాగుందన్నదని కాదు, ఆ గేటు దగ్గర ఇంకో పదేళ్లు నిలబడలేను, అంతే, అంది."

నమోదు 7
జూలై 14

ముఖ నమోదు కార్యాలయంలో మా వంతు పదకొండింటికి వచ్చింది. గదిలో అధికారిణి ఒకావిడ, పేరు బల్ల మీద రాసి ఉంది, అచ్చియమ్మ అని. గట్టి మనిషి. నా బుగ్గ చూడగానే పెదవి విరిచింది.

"చుక్క ఉన్నవాళ్లు సాక్ష్యం చెప్పకూడదని లేదమ్మా. చుక్క వెలిగిన మాట మాత్రం చెల్లదు, కొన్న మాట కిందే లెక్క. మూడుసార్లు అవకాశమిస్తాం. మూడూ పోయాయంటే పాత మొహమే ఇంకో పదేళ్లు ఉంటుంది. ఇంకెవరైనా ఉన్నారా మీ వాళ్లు?"

"ఎవరూ లేరండి" అంది చక్రి.

దాన్ని తెల్లటి దీపం కింద నిలబెట్టారు. రంగు లేదు, పౌడరు లేదు. నన్ను ఎదురుగా నిలబెట్టారు. నేను చెప్పాల్సింది ఒక్క ముక్క, ఈ మొహం ఫలానావాళ్లదని. అందులో పొగడ్త ఏముంది? అయినా నాలుగు రోజులుగా ఇంట్లో సాధన చేశాను. రేషను కార్డు చదివినట్టు చెప్పాలని మా ఆయన నేర్పారు.

"ఇది మా చెల్లెలు చక్రవేణి మొహం" అన్నాను.

బల్ల మీది అద్దంలో నీలంగా కనపడింది. అచ్చియమ్మగారు కాగితం మీద ఒక గీత కొట్టింది. "చెల్లదు."

రెండోసారి కళ్లు మూసుకున్నాను. హేమచందర్ చొక్కాని గుర్తుచేసుకున్నాను, పూలు ఒక్కొక్కటే లెక్కపెట్టాను. మనసు చల్లబడ్డాక కళ్లు తెరిచాను. చక్రి భయంగా చూస్తోంది. పదకొండేళ్లప్పుడు కూడా అచ్చం ఇలాగే చూసేది.

"మా చెల్లెలండి. చక్రవేణి."

వెలిగింది. రెండో గీత.

"అమ్మా, మీరామెని పొగడకండి. ఊరికే గుర్తుపట్టండి చాలు" అంది అచ్చియమ్మగారు విసుగ్గా.

"ఊరికే గుర్తుపట్టడం నాకు చేతకావట్లేదండి."

చక్రి నా బుగ్గ వంకే చూస్తోంది. ఇది కూడా పోయిందంటే దాని మొహం మళ్లీ ఆ రంగు కిందకి పోతుంది, ఈసారి కూడా నా చేతులమీదుగానే. ఏం చెబితే ఈ చుక్క వెలగకుండా ఉంటుంది? మురిపెం లేని మాట నా దగ్గర ఏముంది, ఈ మొహం గురించి?

ఒకటుంది. ఎవరికీ చెప్పనిది.

"ఈ మొహం నాకు తెలుసండి" అన్నాను. "దానికి పదకొండేళ్లప్పుడు నా స్నేహితురాలి పెళ్లయింది. అప్పుడు మొదటిసారి నేనే దీనికి రంగు పూశాను. అది పూయమనలేదు. ఎందుకక్కా అని అడిగితే, ఫొటోలు తీస్తారని చెప్పాను. అబద్ధం చెప్పాను. పెళ్లిలో నలుగురి ముందూ ఇది నా చెల్లెలని చెప్పుకోడానికి నాకు సిగ్గేసింది. అప్పటిదాకా ఇది మచ్చల్తోనే రేవులో ఆడుకునేది, దీనికేం బాధ లేదు. సిగ్గు నాది. దాన్ని తీసుకెళ్లి దీని మొహానికి పూశాను, రోజూ పూసుకోవడం నేర్పాను. నేను పూసిందంతా కడిగేస్తే ఉండే మొహం ఇదే. నాకు తెలుసు."

అద్దంలో నా బుగ్గ బుగ్గలాగే ఉంది.

అచ్చియమ్మగారు కాసేపు అద్దం చూసి, ముద్ర కొట్టింది. "చెల్లింది" అంది. ఆవిడ గొంతు మెత్తబడింది.

చక్రి నాతో మాట్లాడకుండానే బయటికి నడిచింది. మెట్లు దిగింది. నేను పదడుగులు వెనక. ఇన్నేళ్లు దాచింది బయటపెట్టాను కదా, ఇక ఇంటికి కూడా రాదేమో అనిపించింది. రేవు దగ్గర గేటు ముందు ఆగింది. కొంగు తీసేసి తలెత్తింది. "చక్రవేణి గారూ, రండి" అంది గేటు. వెంటనే తెరుచుకుంది. అది మాత్రం లోపలికి వెళ్లకుండా అక్కడే నిలబడిపోయింది. వెనకున్నవాళ్లు "పదండమ్మా, పదండి" అని కేకలేస్తే అప్పుడు కదిలింది.

పడవలో నా పక్కనే కూర్చుంది. మా ఆయన ముందునుంచి మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తున్నారు. మూడో రేవు దాటేదాకా అది నీళ్లవంకే చూస్తూ కూర్చుంది.

"నాకు తెలుసక్కా" అంది ఉన్నట్టుండి. "ఫొటోలాయన దగ్గర నన్ను వెనక వరుసలోకి జరిపావు. రంగు పూశాక కూడా జరిపావు. పదకొండేళ్లదానికి ఆ మాత్రం తెలీదా?"

"మరి ఎప్పుడూ అడగలేదేం?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను."

ఇంకేం అంటుందోనని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. అది నావైపు తిరిగి, క్లాసులో తప్పు దొరికించుకున్నట్టు నా బుగ్గ మీద వేలు పెట్టింది.

"అది సరే. మొదటి రెండుసార్లూ నువ్వు నన్నేం పొగడలేదు. నా పేరు చెప్పావంతే. చుక్కెందుకు వెలిగింది?"

నోరు తెరిచాను. ఏడుపొచ్చింది.

"ఊరుకో అక్కా, ఊరుకో" అంది చక్రి, కొంగుతో నా కళ్లు తుడుస్తూ. "మళ్లీ వెలుగుతోంది, అందరూ చూస్తున్నారు."